చేను పచ్చగా, కాయ లొట్టగా

చేను చూస్తే పచ్చగా ఉంటుంది, పీకితే సగం లొట్ట కాయలు. కర్నూలు జిల్లా పత్తికొండ ఎర్రనేలల్లోనూ, కడప జిల్లా వేంపల్లె వైపూ వేరుశనగ వేసే రైతుకు ఇది కొత్త కాదు. వేళ్లకు నీరందింది కనుకే మొక్క పచ్చగా ఉంది. మరి కాయ ఎందుకు నిండలేదు?

విత్తిన నెల రోజులకు అటూఇటూగా పసుపు పూలు తెల్లవారుతూనే విచ్చుకుంటాయి. తమ పుప్పొడితో తామే ఫలదీకరణ చెంది, ఎండ ముదిరేసరికి వాడిపోతాయి. తర్వాత పూవు అడుగు నుంచి సన్నని ఊడ కిందికి సాగుతుంది. పిందె దాని కొసనే ఉన్నా వెలుతురులో ఉన్నంతకాలం ఊరదు. మట్టిలో నాలుగైదు సెంటీమీటర్లు దిగి, చీకటి తగిలాకే అడ్డంగా తిరిగి ఉబ్బడం మొదలెడుతుంది. నేల పైపొర ఎండి గట్టిపడితే ఊడ దిగలేదు.

దిగినా ఇంకో చిక్కుంది. వేళ్లు తాగిన కాల్షియం నీటితోపాటు ఆకులకే పోతుంది, నీరు ఆవిరయ్యేది అక్కడే కాబట్టి. మట్టిలోని కాయవైపు ఆ ప్రవాహం మళ్లదు. కాయ చుట్టూ ఉన్న మట్టి నుంచి తన తొక్కతోనే కాల్షియం పీల్చుకోవాలి. అక్కడ పదును లేకపోతే అది కరగదు, గింజ పట్టదు. ఊడలు దిగేవేళ ఎకరాకు 200 కిలోల జిప్సం మొదళ్ల దగ్గర వేసి మట్టి ఎగదోయమనేది ఇందుకే. జిప్సం కరగడానికీ మళ్లీ వానే కావాలి, అది వేరే సంగతి. 45 రోజులు దాటాక గుంటక తోలితే దిగిన ఊడలూ తెగుతాయి.

కోవెలకుంట్ల, జమ్మలమడుగు నల్లరేగడిలో శనగకు ఈ బాధ లేదు. అక్టోబరు, నవంబరుల్లో విత్తితే లోపలి పదునుతోనే పండుతుంది. కాయ గాలిలోనే ఉంటుంది కనుక పైన నేల నెర్రెలిచ్చినా గింజ నిండుతుంది. పదును మరీ అడుగంటితే కొసకాయలు తాలు పోతాయి.

అందుకే వర్షపాతం పట్టిక చూసి వేరుశనగ బాగుందని రాసేయడం నాకు తొందరపాటుగానే తోస్తుంది. వాన ఎంత పడిందన్నదే కాదు, ఎప్పుడు పడిందన్నదీ చూడాలి. పూతకు ముందు కాస్త బెట్ట మేలు చేస్తుందని ఇక్రిశాట్ ప్రయోగాల్లో తేలింది. ఆ తర్వాత తడి తగలగానే పూత ఒక్కసారిగా వచ్చి ఊడలు ఒకే విడతలో దిగుతాయి. అదే బెట్ట ఊడలు దిగేటప్పుడు వస్తే కాపు పడిపోతుంది. బోరులో ఒక్క రక్షక తడికే నీళ్లుంటే దాన్ని ఆ రోజులకు దాచుకోవాలి.