వార్తల్లో పదం: బ్రెయిన్ స్ట్రోక్

మెదడుకు వెళ్లే రక్తనాళం పూడుకుపోయినా, చిట్లినా వచ్చేదే బ్రెయిన్ స్ట్రోక్. మన ఇళ్లలో పక్షవాతం అంటాం. 25 ఏళ్లు దాటిన ప్రతి నలుగురిలో ఒకరికి జీవితకాలంలో ఇది వచ్చే ప్రమాదం ఉందని ప్రపంచ స్ట్రోక్ సంస్థ చెబుతోంది. ఏటా కొత్తగా దాదాపు 1.2 కోట్ల మంది దీని బారిన పడుతున్నారు. ముసలివాళ్ల జబ్బు అనుకోకండి; వీరిలో సగానికి పైగా 70 ఏళ్ల లోపువారే.

ప్రాణం దక్కాక మొదలయ్యే కష్టం గురించి వార్తల్లో తక్కువే వస్తుంది. ఒంటిచేత్తో చొక్కా గుండీ పెట్టుకోవడానికి పెనుగులాట. గుక్కెడు నీళ్లు తాగబోతే పొలమారుతుంది. దాదాపు మూడోవంతు మందికి మాట దెబ్బతింటుంది: ఎదురుగా ఉన్న మనవరాలి పేరు తెలుసు, నోటికి రాదు. దిగులు కూడా ఇంచుమించు అంతమందిని పట్టుకుంటుంది. దాన్ని మొండితనమనుకుని ఇంట్లోవాళ్లే విసుక్కుంటుంటే బాధేస్తుంది. ఫిజియోథెరపీ, స్పీచ్ థెరపీ నెలల తరబడి సాగాలి. పల్లెల్లో అవి దొరకడమే కష్టం.

మూతి వంకరపోయినా, చెయ్యి పడిపోయినా, మాట ముద్దగా వచ్చినా వెంటనే 108కి ఫోన్ చేయాలి. రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్ సాధారణంగా లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల్లోపే ఇస్తారు, అదీ స్కాన్‌లో రక్తస్రావం లేదని తేలాకే. ముందు పసరు మందు కోసం పరుగెత్తితే ఆ గడువు దారిలోనే అయిపోతుంది.