నోటులో ఆకుపచ్చ చుక్కలు

"సార్, దీనికి బూజు పట్టింది" అన్నాడు ముందు బెంచీ కుర్రాడు. వాడి చేతిలో ఉన్నది కెనడా రెండు డాలర్ల నోటు, 1954 సిరీస్‌ది. టొరంటోలో ఉండే మా మేనల్లుడు పంపాడు. ఎర్రమట్టి రంగు నోటు మీద అక్కడొకటి ఇక్కడొకటి ఆవగింజంత ఆకుపచ్చ చుక్కలు. 

బూజు కాదు, ప్లాన్షెట్లు. రంగు వేసిన పల్చని కాగితపు బిళ్లలవి. కాగితం ఇంకా గుజ్జుగా ఉన్నప్పుడే అందులో కలిపేస్తారు. గుజ్జు పరుచుకుని ఆరేసరికి పెరుగుపచ్చడిలో ఆవాల్లా ఎక్కడివక్కడ చిక్కుకుపోతాయి, కొన్ని పైకి తేలి, కొన్ని లోపల మునిగి. ఏ నోటు చుక్కలు ఆ నోటువే. అచ్చు వేయడం ఆ తర్వాతి పని కాబట్టి పైకి తేలిన బిళ్ల మీదుగా కూడా సిరా గీత నడుస్తుంది. గుండుసూదితో గిల్లితే బిళ్ల లేచి వస్తుంది, తన మీది గీత ముక్కతో సహా. అక్కడ చిన్న తెల్లని గుంట మిగులుతుంది.

ఇక దొంగనోట్లవాడి పాట్లు చూడండి. చుక్క రంగు కెమెరాకు చిక్కుతుంది, లోతు చిక్కదు. కాబట్టి వాడు చుక్కల్ని సిరాతోనే అద్దాలి. ప్లేటు ఒకటే గనక ప్రతి నోటులోనూ అవి అదే చోట పడతాయి. సూదితో ఎంత గీకినా కాగితం చిరుగుతుంది, చుక్క మాత్రం లేవదు.

కెమెరాతో కెనడా నోట్లకు వైరం పాతదే. రంగు సిరాను రసాయనాలతో కడిగేసి, మిగిలిన నల్లగీతల్ని ఫొటో తీసేవారు. నల్లసిరాలో ఉండేది మసి, దాన్ని ఏ ఆమ్లమూ ఏమీ చేయలేదు. రంగు కూడా అంత మొండిదైతే? థామస్ స్టెరీ హంట్ అనే రసాయనవేత్త క్రోమియం ఆక్సైడ్ ఆకుపచ్చను పట్టుకొచ్చాడు. మాంట్రియల్‌లో నోట్లు చెక్కే జార్జ్ మాథ్యూస్ 1857లో దానికి పేటెంట్ తీసుకున్నాడు. ఆ పచ్చరంగే అమెరికా గ్రీన్‌బ్యాక్‌ల దాకా పాకింది.

నా ఓటు మాత్రం బిళ్లకే. ఆమ్లాలూ క్షారాలూ అక్కర్లేదు, కిరాణాకొట్టు గల్లాపెట్టె దగ్గర ఒక సూది ఉంటే చాలు. చిక్కల్లా ఒకటే, పరీక్షించిన ప్రతిసారీ నోటులో ఒక బిళ్ల తగ్గుతుంది.

2011లో కెనడాలో పాలిమర్ (ప్లాస్టిక్) నోట్లు మొదలయ్యాయి. గుజ్జే లేని చోట బిళ్లలెక్కడ?

క్లాసుకు తెచ్చేముందు మా నోటు ముందువైపు తొమ్మిది చుక్కలు లెక్కపెట్టాను. గంట కొట్టేసరికి ఎనిమిది. తొమ్మిదోది ముందు బెంచీ వాడి కంపాస్ మొన మీద ఉంది.