తెగిన చెయిన్ ఖరీదు

ఆర్కేడ్ షూటింగ్ ఆటల్లో స్కోరు కూల్చిన శత్రువుల సంఖ్యపైనే కాక, వాటిని ఏ వరసలో, ఎంత ఎడంతో కూల్చారన్నదానిపైన కూడా ఆధారపడుతుంది. నియమం తప్పకుండా ఒకదాని వెంట ఒకటిగా సాగే కూల్చివేతలనే చెయిన్ లేదా కాంబో అంటారు. చెయిన్ పెరిగేకొద్దీ పాయింట్లూ పెరుగుతాయి. అది తెగితే సాధారణంగా లెక్క మళ్లీ మొదటికొస్తుంది. ఆ తెగుదలకు చెల్లించే మూల్యాన్ని బట్టే పద్ధతి కఠినమో, ఉదారమో తేలుతుంది.

కఠిన పద్ధతికి జపాన్ సంస్థ కేవ్ 1997లో రూపొందించిన దొదొన్‌పాచి ప్రసిద్ధ ఉదాహరణ. శత్రువు కూలగానే తెరపై ఒక గేజి నిండి వెంటనే తరగడం మొదలవుతుంది. అది ఖాళీ అయ్యేలోగా మరొకటి కూలకపోతే చెయిన్ తెగుతుంది. బటన్ నొక్కిపట్టి పెద్ద శత్రువుపై లేజర్ నిలిపినంతసేపూ చెయిన్ తెగకుండా ఉండటం ఇందులో ఆటగాడికి దొరికే వెసులుబాటు.

ఇటువంటి పద్ధతిలోని నష్టాన్ని సరళమైన నమూనాతో లెక్కగట్టవచ్చు. చెయిన్‌లో ఎన్నవ హిట్ (కూల్చివేత) అయితే అన్ని పాయింట్లు వస్తాయనుకుంటే, 100 హిట్ల అఖండ చెయిన్‌కు 5,050 పాయింట్లు దక్కుతాయి. అదే సరిగ్గా మధ్యలో తెగితే 2,550 మాత్రమే మిగులుతాయి. దశ నిడివి 200 హిట్లకు పెరిగితే మధ్యలో తెగినందుకు వచ్చే నష్టం 2,500 నుంచి 10,000కు చేరుతుంది, అంటే నిడివి రెట్టింపైతే నష్టం నాలుగింతలవుతుంది.

ట్రెజర్ సంస్థ రూపొందించగా 2001లో విడుదలైన ఇకారుగా ఈ నష్టానికి హద్దు గీసింది. అందులో శత్రువులు తెలుపు, నలుపు రంగుల్లో ఉంటారు. ఒకే రంగు శత్రువులను వరసగా ముగ్గురిని కూలిస్తే ఒక చెయిన్ పూర్తవుతుంది, ముగ్గురిలో ఒక్కరి రంగు వేరైనా తెగుతుంది. కాలపరిమితి లేదు. బోనస్ 100తో మొదలై ప్రతి చెయిన్‌కూ రెట్టింపవుతూ తొమ్మిదవదానికి 25,600కు చేరి అక్కడే నిలిచిపోతుంది. గరిష్ఠాన్ని అందుకున్నాక తెగితే, తర్వాతి ఎనిమిది చెయిన్లకు 2,04,800 బదులు 25,500 వస్తాయి. తేడా పెద్దదే అయినా, దశ ఎంత పొడవున్నా అది 1,79,300ను దాటదు.

మూడో మార్గంలో చెయిన్ తెగినప్పుడు లెక్క సున్నాకు పడకుండా సగానికి తగ్గుతుంది. పై నమూనాలో 50వ హిట్ తర్వాత లెక్క 25కు దిగి, అక్కడినుంచి మళ్లీ పెరిగితే మొత్తం 3,800 అవుతుంది. తప్పు చేయనివాడికి 1,250 పాయింట్ల ఆధిక్యం మిగిలే ఉంటుంది. తప్పు చేసినవాడు ఆట వదిలి మొదటినుంచి మొదలుపెట్టాలన్న తొందర పడనక్కరలేదు. ఉదారత గురిని సులువు చేయదు, పొరపాటు తర్వాతి ఆటకు విలువ నిలుపుతుంది. పొరపాటుకు మూల్యమే లేకుండా చేస్తే మాత్రం నిపుణుడికీ, సాధారణ ఆటగాడికీ స్కోరులో తేడా చెరిగిపోయి చెయిన్ పెట్టిన ఉద్దేశమే నెరవేరదు.