వరిగింజలోని నీరు

ములుగు ప్రాంతమున వరిసాగునకు చెరువులే ప్రాణము. పాలంపేట చెంతనున్న రామప్ప చెరువు, గోవిందరావుపేట వైపునున్న లక్నవరము చెరువు కాకతీయుల కాలమునాటివి. నేటికిని వాని నీటితో ఆయకట్టు పొలములు పండుచున్నవి. అయితే పైరు ఎంత చక్కగా పండినను, మంచి బియ్యము చేతికి వచ్చుట కోతవేళను, ఆరబెట్టు తీరును బట్టి యుండును. దీనికి మూలము గింజలో దాగియున్న నీరు.

వరి పూసిన పిదప గింజ తొలుత పాలతో నిండును. ఆ పాలు క్రమముగా చిక్కబడి గట్టిపడును. సుమారు 30 దినములకు కంకిలోని గింజలలో నూటికి 80 పాళ్లకు పైగా బంగారు వన్నెకు తిరుగును. అప్పుడు గింజలో 20 మొదలు 24 శాతము వరకు తేమ యుండును. కోతకు అదియే తగిన అదను.

అంతకు ముందే కోసినచో పచ్చిగింజలు, తాలు ఎక్కువగును. గట్టిపడని గింజ సుద్దవలె తెల్లగా, పెళుసుగా నుండి మరలో పిండియగును. ఆలస్యము చేసినచో మరియొక కీడు కలదు. పండిన గింజ పగటి యెండకు ఎండి, రాత్రి మంచునకు మరల నీరు పీల్చును. తడిసిన పైభాగము ఉబ్బును. లోపలి భాగము ఉబ్బదు. ఈ పెనుగులాటలో గింజ బీటలువారును. ఊక కప్పియుండుటచే ఆ బీట కంటికి కానరాదు. మరలో ఊక, తవుడు తొలగునపుడు గింజ అచ్చటనే విరిగి నూకయగును. నూకలకు నిండుబియ్యపు ధర రాదు.

తెలంగాణమున యాసంగి పంట ఏప్రిల్, మే నెలల మండుటెండలలో కోతకు వచ్చును. అందుచే ఆ ధాన్యమును పచ్చిగా ఆడించినచో నూకలు మెండుగా వచ్చును. ధాన్యమును నానబెట్టి, ఆవిరిపట్టి, ఆరబెట్టినచో లోని పిండిపదార్థము మెత్తబడి బీటలను అతుకును. అదియే ఉప్పుడు బియ్యము. 2021, 2022 సంవత్సరములలో ఉప్పుడు బియ్యపు కొనుగోలును గూర్చి కేంద్ర రాష్ట్రముల నడుమ వివాదము చెలరేగినపుడు ఈ నూకల సంగతియే ఊరూర చర్చకు వచ్చెను.

కోసిన ధాన్యమును తడిగా కుప్పవేయరాదు. గింజ ప్రాణముగలది, అది శ్వాసించుటచే కుప్ప వేడెక్కి, బూజుపట్టి, బియ్యము పసుపువన్నెకు మారును. కోతయంత్రము నుండి వచ్చు ధాన్యము పచ్చిగా నుండును గనుక దానిని ఆలస్యము లేక పలుచగా పరచి, తరచుగా తిరుగవేయుచు మెల్లగా ఆరబెట్టవలెను. రాత్రి మంచు తగులకుండ కప్పవలెను. మరాడించుటకు 14 శాతము తేమ తగినది.

ఇందొక చిక్కు కలదు. 22 శాతము తేమ గల 100 కిలోల ధాన్యములో 22 కిలోలు నీరే. తక్కిన 78 కిలోలే అసలు పదార్థము. అది 14 శాతమునకు ఆరినచో తూకము సుమారు 91 కిలోలకు తగ్గును. కావున కొందరు తడిధాన్యమునే అమ్మజూతురు. కాని ప్రభుత్వ కొనుగోలు నియమముల ప్రకారము తేమ 17 శాతమునకు మించరాదు. మించినచో రైతు కేంద్రమువద్దనే దినముల తరబడి ఆరబోయవలసి వచ్చును. అంతలో వాన కురిసినచో మొలకలెత్తి శ్రమ యంతయు వ్యర్థమగును.

ఆరుట వలన పోవునది నీరు మాత్రమే. తొందర వలనను, అలసత వలనను పోవునది బియ్యము. ఈ భేద మెరిగిన రైతు కష్టమునకు తగిన ఫలము పొందును.