సైకిలు మీద సాగర తీరానికి

రాయపోల్: సిద్దిపేట జిల్లాకు సముద్రం లేదు. అసలు సముద్రం చూడాలంటే ఒక రాత్రి రైలులో కూర్చోవాలి. అయినా రాయపోల్ మండలం మనిషి తెల్లవారుజామున సైకిలెక్కితే, ఎండ ముదిరేలోగా కళ్ల నిండా నీళ్లున్న గట్టు ముందు నిలబడగలడు. పదిహేనేళ్ల కిందట ఈ మాట అంటే జనం నవ్వేవారు. అప్పుడు ఇక్కడ సైకిలు హ్యాండిలుకు రెండు వైపులా బిందెలు కట్టుకుని నీళ్ల కోసం తిరిగేవారు. ఇప్పుడు అదే సైకిలు మీద నీళ్లు చూడటానికి పోవచ్చు.

జిల్లాలో మూడు పెద్ద జలాశయాలు రెండేళ్ల వ్యవధిలో అందుబాటులోకి వచ్చాయి. చంద్లాపూర్ దగ్గర 3 టీఎంసీల రంగనాయక సాగర్ 2020 ఏప్రిల్ 24న, మర్కూక్ దగ్గర 15 టీఎంసీల కొండపోచమ్మ సాగర్ అదే ఏడాది మే 29న, తొగుట, కొండపాక మండలాల నడుమ 50 టీఎంసీల మల్లన్న సాగర్ 2022 ఫిబ్రవరి 23న ప్రారంభమయ్యాయి. మల్లన్న సాగర్ కట్ట చుట్టుకొలత సుమారు 22 కిలోమీటర్లు, కొండపోచమ్మది సుమారు 16. కారులో వచ్చినవారు ఒకచోట దిగి ఫొటో దిగి వెళ్లిపోతారు. సైకిలు మీద వచ్చినవారికి మాత్రం దారి పొడుగునా చూసేది ఉంటుంది.

గేర్లు లేని బండే చాలు

దీనికి వేలకు వేలు పోసి కొత్త బండి కొననక్కర లేదు. ఇంట్లో మూలకున్న పాత బండిని దింపి, చెయిన్‌కు నూనె పెట్టి, బ్రేకు కట్టలు మార్చి, రెండు టైర్లకు గాలి కొట్టించుకుంటే చాలు. మన పల్లెల్లో ఒకనాడు అట్లాస్ సైకిలు లేని ఇల్లు అరుదు. 1951లో సోనీపత్‌లో మొదలైన ఆ కంపెనీ, సాహిబాబాద్‌లో మిగిలిన చివరి కర్మాగారాన్ని 2020 జూన్ 3న ఆపివేసింది. ఐక్యరాజ్య సమితి 2018లో ప్రకటించిన ప్రపంచ సైకిలు దినం కూడా జూన్ 3వ తేదీయే కావడం విచిత్రం. కంపెనీ ఆగినా బండ్లు ఆగలేదు. పాల క్యానులు మోస్తూ, గడ్డి మోపులు మోస్తూ ఊళ్లలో ఇంకా తిరుగుతూనే ఉన్నాయి.

వెంట తీసుకుపోవలసినవి కొన్నే. చేతి పంపు, పంక్చరు అతికే సొల్యూషను, రబ్బరు ముక్కలు, గరుకు కాగితం, ఒక పానా. ఊరి పొలిమేర దాటితే పంక్చరు దుకాణం దొరుకుతుందన్న నమ్మకం లేదు. రెండు జొన్నరొట్టెలు, ఉల్లిగడ్డ, పచ్చడి, నీళ్ల సీసా ఉంటే మధ్యాహ్నం దాకా ఎవరినీ అడగనక్కర లేదు.

కూడవెల్లి వాగు వెంట

గజ్వేల్ ప్రాంతంలో పుట్టిన కూడవెల్లి వాగు తొగుట, దుబ్బాక ప్రాంతాల మీదుగా ఉత్తరానికి సాగి, నర్మాల దగ్గరి ఎగువ మానేరులో కలుస్తుంది. నేల కూడా అటే మెల్లగా వాలి ఉంటుంది. కంటికి కనిపించని ఈ వాలు కాళ్లకు మాత్రం బాగా తెలుస్తుంది. రాయపోల్ నుంచి ఉత్తరానికి పోయేటప్పుడు బండి దానంతట అదే సాగుతున్నట్లుంటుంది. తిరిగి వచ్చేటప్పుడు మెరక. అందుచేత పోయేటప్పుడు ఉత్సాహపడి జోరుగా తొక్కినవారు సాయంత్రం బండిని నెట్టుకుంటూ ఇల్లు చేరతారు. తిరుగు ప్రయాణానికి సగానికి పైగా బలం దాచుకోవడమే తెలివి.

ఒకప్పుడు వాన వెలిస్తే ఇసుక మాత్రమే మిగిలే ఈ వాగులోకి 2021 వేసవిలో కాళేశ్వరం నీళ్లు వదిలారు. మండుటెండల్లో చెక్‌డ్యాంలు ఒకదాని తర్వాత ఒకటి మత్తళ్లు దూకాయి. వాగు ఒడ్డున కొంగలు, తీతువులు, బురదలో మునిగిన బర్రెలు, ఈత చెట్లు, తాటి వనాలు సైకిలు వేగానికి సరిగ్గా సరిపోయే దృశ్యాలు. ఫాల్గుణంలో వస్తే మోదుగలు ఎర్రగా పూస్తాయి. బతుకమ్మ రోజుల్లో వస్తే దారికి రెండు పక్కలా తంగేడు పచ్చగా విరగబూస్తుంది. గట్ల మీద సీతాఫలాలు కూడా దొరుకుతాయి.

ఇంకా ఉత్తరానికి పోగలవారు కూడవెల్లి రామలింగేశ్వర స్వామి ఆలయం దాకా పోవచ్చు. రెండు వాగులు కలిసే చోట ఉన్న ఈ గుడి దగ్గర మాఘ అమావాస్యకు పెద్ద జాతర జరుగుతుంది. ఒకనాడు జాతరకు ఎడ్లబండ్లు, వాటి వెనుక సైకిళ్లు బారులు తీరేవి. ముందు కడ్డీ మీద పిల్లవాడు, వెనుక క్యారియర్ మీద ఇల్లాలు, హ్యాండిలుకు కొబ్బరికాయల సంచి. ఆ రోజుల్లో దాన్ని యాత్ర అనేవారే గాని, విహారం అనేవారు కాదు.

నీటి కింద ఊళ్లు

మల్లన్న సాగర్ కట్ట ముందు నిలబడినప్పుడు ఒక సంగతి మరువరాదు. ఆ నీటి కింద ఊళ్లున్నాయి. వేములఘాట్, పల్లెపహాడ్, ఏటిగడ్డ కిష్టాపూర్, లక్ష్మాపూర్ వంటి గ్రామాలు ఈ జలాశయం కోసం ఖాళీ అయ్యాయి. కొండపోచమ్మ సాగర్ కింద బహిలంపూర్, మామిడ్యాల, తానేదార్‌పల్లి మునిగాయి. 2016లో వేములఘాట్‌లో మొదలైన దీక్షలు వందల రోజులు సాగాయి. చివరకు ఊరు విడవక తప్పలేదు. చాలా కుటుంబాలు గజ్వేల్ పక్కన కట్టిన కాలనీలకు చేరాయి. ఒకనాడు ఈ ఊళ్ల మధ్య సైకిలు మీదే పిల్లనివ్వడాలు, పిలుపులు, చావు కబుర్లు నడిచాయి. ఆ బాటలు ఇప్పుడు నీటిలో ఆగిపోతాయి. నీళ్లు పొలాలకు అందడం ఎంత నిజమో, ఆ నీళ్ల కోసం ఇళ్లు పోగొట్టుకున్నవారు ఉండటం కూడా అంతే నిజం. చూడటానికి వచ్చేవారు తమ పిల్లలకు ఆ ఊళ్ల పేర్లు కూడా చెప్పాలి.

ఈ నీరు వచ్చిన దారి కూడా చిన్నది కాదు. సముద్ర మట్టానికి 100 మీటర్ల ఎత్తున ఉన్న మేడిగడ్డ నుంచి 618 మీటర్ల ఎత్తున ఉన్న కొండపోచమ్మ దాకా మోటార్లతో ఎత్తిపోసేలా పథకం కట్టారు. చిన్న మెరక ఎక్కితేనే ఆయాసపడే సైకిలు మనిషికి ఈ లెక్క ఇట్టే అర్థమవుతుంది. 2023 అక్టోబరు 21న మేడిగడ్డ బరాజు పియర్లు కుంగిన తర్వాత ఎల్లంపల్లి నుంచి ఎత్తిన నీటితోనే మల్లన్న సాగర్‌ను నింపవలసి వచ్చింది.

ఒడ్డున ఉండాలి, నీట దిగరాదు

2025 జనవరి 11న హైదరాబాద్ నుంచి కొండపోచమ్మ సాగర్ చూడటానికి వచ్చిన యువకులలో అయిదుగురు నీట మునిగి చనిపోయారు. సంక్రాంతికి మూడు రోజుల ముందు అయిదు ఇళ్లలో దీపం ఆరింది. మన చెరువుల్లో ఈత నేర్చినవారు కూడా ఈ సంగతి తెలుసుకోవాలి. చెరువు అయితే శిఖం నుంచి మెల్లగా లోతవుతుంది. జలాశయం అలా కాదు. కట్ట వాలుకు పేర్చిన రాళ్లకు పాచి పట్టి కాలు జారుతుంది. కట్ట కోసం లోపల మట్టి తవ్విన చోట ఒక్క అడుగుకే నిలువు లోతు వస్తుంది. కాలువలది మరొక ప్రమాదం. రెండు వైపులా నున్నని సిమెంటు వాలు ఉండటం వల్ల దిగినవాడికి పట్టుకోవడానికి గడ్డిపోచ కూడా దొరకదు. మోటార్లు ఆన్ చేస్తే నీటి వేగం కూడా పెరుగుతుంది. కాళ్లు కడుక్కోవాలన్నా వెంట తెచ్చిన సీసాలో నీళ్లే మేలు.

అసలు సముద్రం దాకా

కూడవెల్లి నీరు మానేరులో, మానేరు గోదావరిలో, గోదావరి అంతర్వేది దగ్గర సముద్రంలో కలుస్తాయి. ఆ చివర కూడా సైకిలు మీదే చూడాలనుకునేవారికి కోనసీమ ఉంది. ధవళేశ్వరం దగ్గర 1847–52 మధ్య కాటన్ దొర కట్టించిన ఆనకట్ట నుంచి చీలిన కాలువల గట్లు ఎత్తుపల్లాలు లేకుండా సాగుతాయి. పి.గన్నవరం దగ్గర కాలువ నది మీదుగా వంతెన ఎక్కి పోవడం చూడదగ్గ వింత. కొత్త అక్విడక్టుకు డొక్కా సీతమ్మ పేరు పెట్టారు. తాపీగా తొక్కేవారికి ధవళేశ్వరం నుంచి అంతర్వేది రెండు రోజుల దారి. 2023 అక్టోబరు 3న సిద్దిపేట నుంచి సికింద్రాబాద్‌కు రైలు మొదలైంది. అక్కడి నుంచి రాజమండ్రి వెళ్లే రైలు పట్టుకోవచ్చు.

చేయవలసిన పనులు

సైకిలు వాడికి కావలసినవి తక్కువే. దారి చీలిన చోట ఊరి పేరు, దూరం చెప్పే రాయి, కట్ట మీదికి పోయే చోట తాగే నీరు, నాలుగు చెట్ల నీడ ఉంటే చాలు. అంతకంటే ముందు చేయవలసినవి మరికొన్ని ఉన్నాయి. లోతు ఉన్న చోటల్లా దూరం నుంచే కనిపించే హెచ్చరిక బోర్డు, పడినవారికి విసరడానికి తాడు, గాలి నింపిన ట్యూబు, కాలువల పొడుగునా ఎక్కి రావడానికి మెట్లు ఏర్పాటు చేయాలి. మునిగిన ఊళ్ల పేర్లు చెక్కిన ఒక రాయిని కట్ట మీద నిలిపితే ఇంకా మంచిది. ఇవి కోట్లతో అయ్యే పనులు కావు. వచ్చే సెలవులకు పిల్లలు సైకిళ్లెక్కి బయలుదేరక ముందే వీటిని పూర్తి చేయడం అవసరం.