ఇరవైనాలుగు గంటల గృహసంరక్షణ: ధర, వ్యయం - ఒక వివరణ

వ్యాససంగ్రహం:
మంచం పట్టిన తల్లికో తండ్రికో ఇంట్లోనే రేయింబవళ్ళు సంరక్షణ ఏర్పాటు చేయడానికి నిజంగా ఎంత ఖర్చవుతుందో ఈ వ్యాసం వివరిస్తుంది. సంరక్షకురాలికి నెలనెలా కుటుంబం చెల్లించే మొత్తం ఆ సేవకు ‘ధర’ మాత్రమే. దాని పూర్తి ‘వ్యయం’ అంతకు చాలా ఎక్కువ. ఈ రెంటి మధ్య తేడాను సంరక్షకురాలి నిద్ర, ఇంటి స్త్రీ సమయం, వృద్ధుల గౌరవం అనే మూడు మూలాలు పూరిస్తున్నాయని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. చట్టాలు, ప్రభుత్వ పథకాలు ఈ వ్యయాన్ని ఎంతవరకు గుర్తించాయో కూడా పరిశీలిస్తుంది.

కీలకపదాలు: వృద్ధాప్యం, గృహసంరక్షణ, వేతనం లేని శ్రమ, పనిగంటలు, పోషణ చట్టం.

1. ఉపోద్ఘాతం:
ఒకరి దేహాన్ని మరొకరు కనిపెట్టుకొని చేసే పనికి తెలుగులో రెండు వర్గాల పదాలున్నాయి. సేవ, పరిచర్య, శుశ్రూష, ఉపచారం అనేవి ఒక వర్గం. చాకిరి, ఊడిగం అనేవి మరొక వర్గం. చేసే పని ఒకటే. చేసేవారు కన్నబిడ్డలో కోడలో అయితే మొదటి వర్గం పదాలు, కూలికి వచ్చినవారైతే రెండవ వర్గం పదాలు వాడుకలోకి వస్తాయి. మొదటిది పుణ్యం కనుక దానికి వెల కట్టరాదన్న భావన ఉంది. రెండవది తక్కువ పని కనుక దానికి పెద్ద వెల అక్కరలేదన్న భావన ఉంది. ఈ రెండు భావనల వల్ల వృద్ధుల సంరక్షణకయ్యే అసలు ఖర్చు చాలాకాలం లెక్కకు అందకుండా ఉండిపోయింది.

ఇప్పుడా లెక్క తప్పనిసరి అయింది. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో అరవై ఏళ్ళు, ఆపైబడినవారు 10 కోట్లకు పైగా ఉన్నారు. 2017-18లో జరిగిన ‘లాసీ’ సర్వే అరవై దాటినవారిలో దాదాపు నాల్గోవంతు మందికి కనీసం ఒక దైనందిన కృత్యంలో ఇబ్బంది ఉన్నదని తెలిపింది. పిల్లలు హైదరాబాదులోనో బెంగళూరులోనో అమెరికాలోనో ఉండి, తల్లిదండ్రులు గుంటూరులోనో కరీంనగర్‌లోనో మిగిలిపోయిన కుటుంబాలు తెలుగునేల అంతటా కనిపిస్తాయి. అలాంటి ఇంట్లో తండ్రికి పక్షవాతం వచ్చినరోజు మొదట తలెత్తే ప్రశ్న వైద్యానిది. ఆస్పత్రి నుంచి ఇంటికి తెచ్చిన రోజు తలెత్తే ప్రశ్న మనిషిది: దగ్గర ఎవరుంటారు?

2. అవసరాన్ని కొలిచే పద్ధతి:
వృద్ధుల పరాధీనతను కొలవడానికి సిడ్నీ కాట్జ్, ఆయన సహచరులు 1963లో ప్రచురించిన సూచిక నేటికీ వాడుకలో ఉంది. స్నానం, దుస్తులు ధరించడం, మరుగుదొడ్డి వాడకం, మంచం మీది నుంచి కుర్చీలోకి మారడం, మలమూత్రాలపై అదుపు, భోజనం అనే ఆరు కృత్యాలలో వ్యక్తి ఎన్నింటిని స్వయంగా చేసుకోగలరో అది చూస్తుంది. 1969లో లాటన్, బ్రోడీ వంట, మందులు వేసుకోవడం, డబ్బు లెక్క చూసుకోవడం వంటి కృత్యాలతో మరొక కొలమానాన్ని రూపొందించారు.

ఖర్చు దృష్ట్యా ఈ కృత్యాలను మరొక విధంగా విభజించవచ్చు. స్నానం, భోజనం, మందులు వేళప్రకారం జరిగేవి. వాటికి ఉదయం రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు మనిషి వచ్చి వెళ్తే సరిపోతుంది. మలమూత్ర విసర్జన, మంచం దిగడం, మతిమరుపు వ్యాధి ఉన్నవారు అర్ధరాత్రి తలుపు తీసుకొని బయటికి వెళ్ళడం వేళ లేనివి. వీటికోసం చేసే పని రోజు మొత్తంలో మూడు నాలుగు గంటలే కావచ్చు. ఆ గంటలు ఎప్పుడు వస్తాయో తెలియదు కనుక మనిషి ఇరవైనాలుగు గంటలూ అందుబాటులో ఉండాలి. ఇక్కడ కుటుంబం కొంటున్నది పనిని మాత్రమే కాదు, ‘కనిపెట్టుకొని ఉండడాన్ని’. వేళ లేని అవసరం ఒక్కటి చేరగానే ఖర్చు నాలుగు గంటల నుంచి ఇరవైనాలుగు గంటలకు ఒక్కసారిగా పెరగడానికి కారణం ఇదే.

3. గంటల లెక్క:
వారానికి 168 గంటలు. 1948 నాటి కర్మాగారాల చట్టం వయోజన కార్మికుని పనిని వారానికి 48 గంటలకు పరిమితం చేసింది. ఆ చట్టం ఇళ్ళకు వర్తించేది కాదు. అయినా మనిషి శరీరం మోయగల పనికి అదొక అంగీకృతమైన కొలత. 168ని 48తో భాగిస్తే 3.5 వస్తుంది. అంటే ఒక వృద్ధురాలి దగ్గర అనుక్షణం మెలకువతో ఒకరుండాలంటే ముగ్గురున్నర మనుషులు కావాలి.

వాడుకలో ఉన్న ఏర్పాటు వేరు. నగరాల్లో సంరక్షకులను పంపే ఏజెన్సీలు సాధారణంగా రెండు రకాల సేవలను అందిస్తాయి. ఒకటి పన్నెండు గంటల షిఫ్టు. రెండవది ‘ఇరవైనాలుగు గంటల కేర్‌టేకర్’, అంటే ఇంట్లోనే ఉండి, అక్కడే తిని, అక్కడే పడుకునే ఒకే ఒక్క మనిషి. ఈ ఏర్పాట్ల తేడాను చూపడానికి కొన్ని మొత్తాలను ఉదాహరణగా తీసుకోవచ్చు.

నెలకు సగటున 730 గంటలు. ఇంట్లోనే ఉండే ఒక మనిషికి నెలకు 25,000 రూపాయలు అనుకుంటే గంటకు సుమారు 34 రూపాయలు పడుతుంది. పన్నెండు గంటల చొప్పున ఇద్దరిని, ఒక్కొక్కరికి 20,000 ఇచ్చి పెట్టుకుంటే నెలకు 40,000, గంటకు 55 రూపాయలు. అప్పుడు కూడా ఒక్కొక్కరు సెలవు లేకుండా వారానికి 84 గంటలు పనిచేస్తారు. వారానికి 48 గంటలే పనిచేసే ముగ్గురున్నర మందికి ఒక్కొక్కరికి 18,000 చొప్పున ఇస్తే నెలకు 63,000, గంటకు సుమారు 86 రూపాయలు. మూడు ఏర్పాట్లకూ పేరు ఒకటే, ఇరవైనాలుగు గంటల సంరక్షణ. మొదటిదాని ధరకు, మూడవదాని ధరకు తేడా నెలకు 38,000 రూపాయలు. డైపర్లు, గాలిపరుపు, ఆస్పత్రి మంచం అద్దె, ఫిజియోథెరపీ, సంరక్షకురాలి భోజనం ఇందులో చేరలేదు. ఏజెన్సీ ద్వారా వస్తే ఇచ్చిన మొత్తంలో కొంత ఏజెన్సీ వాటాగా పోతుంది.

ఒక మనిషి ఇరవైనాలుగు గంటలు పనిచేయలేరన్న విషయాన్ని న్యాయస్థానం కూడా గుర్తించింది. మోటారు ప్రమాదంలో పూర్తిగా వైకల్యం పొందిన ఒక బాలిక కేసులో సుప్రీంకోర్టు 2020లో పరిహారాన్ని నిర్ణయిస్తూ, ఇద్దరు సహాయకుల జీతాన్ని జీవితకాలానికి లెక్కగట్టింది. ప్రమాద బాధితురాలికి వర్తించిన ఈ తర్కం వయసు వల్ల మంచం పట్టినవారి విషయంలో ఇంటి లెక్కల్లోకి ఇంకా రాలేదు.

4. తేడాను భరిస్తున్నది ఎవరు?
ముగ్గురున్నర మంది చేయవలసిన పనికి ఒక్కరి జీతమే ఇచ్చినపుడు మిగిలిన వ్యయం మాయం కాదు, చేతులు మారుతుంది.

4.1 సంరక్షకురాలి నిద్ర: కదలలేని మనిషికి వీపు మీద పుండ్లు పడకుండా రెండు గంటలకొకసారి ఒత్తిగిలి పడుకోబెట్టడం సాధారణంగా చెప్పే జాగ్రత్త. రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు పాటిస్తే సంరక్షకురాలికి ఏకధాటిగా రెండు గంటలకు మించి నిద్ర ఉండదు. ఒకటి రెండు రాత్రులు సాధ్యమే, నెలల తరబడి సాధ్యం కాదు. చివరికి ఆమె నిద్రపోతుంది, పుండు పడుతుంది, నింద ఆమె మీద పడుతుంది. లోపం ఆమె నిష్ఠలో కాక గంటల లెక్కలో ఉన్నదని కుటుంబం గుర్తించదు. సంక్రాంతికో దసరాకో ఆమె ఊరికి వెళ్ళినపుడు ఇల్లంతా తలకిందులు కావడం ఈ ఏర్పాటు ఎంత సన్నని దారం మీద నిలిచి ఉన్నదో తెలుపుతుంది.

4.2 ఇంటి స్త్రీ సమయం: జాతీయ గణాంక కార్యాలయం 2019లో జరిపిన కాలవినియోగ సర్వే ప్రకారం ఇంట్లోని వారికి వేతనం లేకుండా సంరక్షణ చేసేవారు స్త్రీలలో 27.6 శాతం, పురుషులలో 14 శాతం. చేసేవారిలో స్త్రీలు రోజుకు సగటున 134 నిమిషాలు, పురుషులు 76 నిమిషాలు వెచ్చిస్తున్నారు. ఇందులో పిల్లల పెంపకం కూడా కలిసి ఉంది. ఈ శ్రమకు విలువ కట్టడానికి అర్థశాస్త్రం రెండు మార్గాలు చూపుతుంది. అదే పనికి బయటి మనిషిని పెడితే ఎంత అవుతుందో చూడడం ఒకటి. ఆ సమయంలో ఆమె బయట ఎంత సంపాదించగలిగేదో చూడడం రెండవది. నెలకు 30,000 జీతం వచ్చే కోడలు ఉద్యోగం మానేస్తే ఏటా 3,60,000 రూపాయల ఆదాయం పోతుంది. దానితోపాటు పదోన్నతి, భవిష్యనిధి, తన వృద్ధాప్యానికి దాచుకోగల సొమ్ము కూడా పోతాయి. ‘ఇంట్లోనే చూసుకుంటున్నాం, ఖర్చేమీ లేదు’ అనే మాటలో ఈ మొత్తం దాగి ఉంటుంది.

4.3 వృద్ధుల గౌరవం: మనిషి చేయి చాలనపుడు వస్తువు ఆ చోటును ఆక్రమిస్తుంది. పట్టుకొని నడిపిస్తే మరుగుదొడ్డికి వెళ్ళగల వ్యక్తికి డైపరు వేస్తారు. నెమ్మదిగా తినగల వ్యక్తికి తొందరగా ముద్దలు పెడతారు. పడిపోతారన్న భయంతో మంచం దిగనివ్వరు. వాడని కండరం బలం కోల్పోతుంది, ఆర్నెల్లకు ఆ వ్యక్తి నిజంగానే నడవలేరు. నేడు ఆదా చేసిన సొమ్ము రేపు ఎక్కువ పరాధీనతగా, ఎక్కువ ఖర్చుగా తిరిగి వస్తుంది.

5. కాలం తెచ్చే భారం:
శస్త్రచికిత్స ఖర్చు ఒకసారి అయ్యేది. బిడ్డ పెంపకంలో అవసరం ఏటేటా తగ్గుతుంది. వృద్ధుల సంరక్షణలో అవసరం పెరుగుతూ పోతుంది, ముగింపు ఎప్పుడో తెలియదు. ఆ తేదీని కోరుకోవడం పాపమనిపిస్తుంది కనుక లెక్క వేయడానికే మనసొప్పదు. దీనికి వేతనాల పెరుగుదల తోడవుతుంది. 1960లలో విలియం బామోల్, విలియం బోవెన్ వివరించినట్లు, మనిషి సమయమే సరుకైన సేవల్లో యంత్రాల వల్ల ఉత్పాదకత పెద్దగా పెరగదు. ఇతర రంగాల్లో వేతనాలు పెరిగేకొద్దీ ఈ సేవల ధరా పెరుగుతుంది. ఏటా 8 శాతం పెరిగితే నేటి 25,000 తొమ్మిదేళ్ళలో సుమారు 50,000 అవుతుంది. సంస్థ నుంచి విరమణ పొందిన ఉద్యోగి భవిష్యనిధి పింఛను అలా పెరగదు; ఆ పథకంలో కనీస పింఛను 2014లో 1,000 రూపాయలుగా నిర్ణయమైంది.

6. చట్టం, పథకాలు:
1956 నాటి హిందూ దత్తత, పోషణ చట్టం వృద్ధ తల్లిదండ్రుల పోషణను కొడుకులతోపాటు కూతుళ్ళ బాధ్యతగా కూడా పేర్కొంది. 2007లో వచ్చిన తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం ట్రిబ్యునళ్ళను ఏర్పరచింది. అవి ఇప్పించగల నెలవారీ భరణానికి 10,000 రూపాయలను గరిష్ఠ పరిమితిగా పెట్టింది. పైన చూపిన ఏ లెక్కకూ అది చాలదు. ఆ చట్టంలో ‘సంతానం’ నిర్వచనంలో కోడలు లేదు. ఆచరణలో సంరక్షణ తరచుగా ఆమెపైనే పడుతుంది. పరిమితిని తొలగిస్తూ, గృహసంరక్షణ సేవలకు ప్రమాణాలను ప్రతిపాదిస్తూ 2019లో లోక్‌సభలో ప్రవేశపెట్టిన సవరణ బిల్లు చట్టం కాలేదు. కాపలాదారులను పంపే సంస్థలకు లైసెన్సు ఉండాలని 2005లోనే కేంద్రచట్టం వచ్చింది. ఇంటి వాకిట నిలబడే మనిషి విషయంలో ఉన్న ఈ నియమం, పడకగదిలో ఉండే మనిషి విషయంలో అదే రీతిలో లేదు.

2024లో డెబ్బై దాటిన అందరికీ విస్తరించిన ఆయుష్మాన్ భారత్, తెలుగు రాష్ట్రాల ఆరోగ్యశ్రీ తరహా పథకాలు ప్రధానంగా ఆస్పత్రి చికిత్సకు ఉద్దేశించినవి. ఇంట్లో ఉండే సంరక్షకురాలి జీతం వాటి పరిధిలో లేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2024లో వృద్ధాప్య పింఛను 4,000 రూపాయలైంది. పూర్తి వైకల్యంతో మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైన కొన్ని వర్గాలవారికి 15,000 రూపాయలు నిర్ణయించారు. మంచం పట్టిన మనిషికి మరో మనిషి కావాలన్న గుర్తింపు ఈ రెండు అంకెల తేడాలో కనిపిస్తుంది. వయసు వల్లనే మంచం పట్టినవారికి ఆ గుర్తింపు ఇంకా పూర్తిగా అందలేదు.

ఈ వ్యయాన్ని ఉమ్మడిగా పంచుకున్న దేశాలున్నాయి. జర్మనీ 1995లో, జపాన్ 2000లో దీర్ఘకాలిక సంరక్షణకు ప్రత్యేక బీమాను అమలులోకి తెచ్చాయి. జపాన్‌లో నలభై ఏళ్ళు నిండినవారందరూ దానికి చందా కడతారు. అక్కడ కూడా ఖర్చు తగ్గలేదు. అది ఒక్క ఇంటిపై పడకుండా అందరిమీదా పరచుకుంది.

7. ముగింపు:
ఈ పరిశీలన వల్ల మూడు అంశాలు తేలుతున్నాయి. మొదటిది, గృహసంరక్షణకు ధరను నిర్ణయించేది పని పరిమాణం కాదు, వేళ లేని అవసరం. అందువల్ల ఏ వృద్ధునికి ఎన్ని గంటలు నిజంగా కావాలో అంచనా వేయడమే తొలిమెట్టు. రెండవది, ఒక్క మనిషితో నడిచే ‘ఇరవైనాలుగు గంటల’ ఏర్పాటు చౌక కాదు. దాని వ్యయంలో అధికభాగం సంరక్షకురాలు, కోడలు, మంచంమీది మనిషి చెల్లిస్తున్నారు. వారానికి ఒక సెలవు, రాత్రికి మరో చేయి అన్న చిన్న మార్పులు కూడా ఈ భారాన్ని న్యాయంగా పంచుతాయి. మూడవది, చట్టంలోని 10,000 రూపాయల పరిమితి సంరక్షణను తిండీబట్టల ఖర్చుగానే చూస్తోంది, మనిషి సమయాన్ని లెక్కించడం లేదు. సేవకు వెల కట్టడం దాని విలువను తగ్గించడం కాదు. వెల తెలిసినప్పుడే, ఇంతకాలం దాన్ని ఎవరు మౌనంగా చెల్లిస్తూ వచ్చారో తెలుస్తుంది.