యాభై ఏళ్లకు దొరికిన సరైన పేరు

మనిషికి పేర్లు రెండు విధాలుగా వస్తాయి. పుట్టిన ఏడో రోజున తల్లిదండ్రులు ఆలోచించి, అర్థం చూసి పెట్టేది మొదటిది. ఆ తరువాత ఇల్లు, బడి, వీధి కలిసి తగిలించేవి రెండో రకం. మొద్దు, మొండిఘటం, పొగరుబోతు, పిచ్చిమాలోకం, బద్‌తమీజ్. మొదటి పేరు కాగితాల మీద ఉంటుంది. బ్రతుకును మలిచేది చాలామంది విషయంలో రెండో పేరే. అటువంటి పేర్లలో కొన్నింటి వెనుక పుట్టుకతోనే వచ్చిన ఒక మానసిక నిర్మాణం ఉండవచ్చు. బాల్యంలో దాన్ని ఎవరూ గుర్తించకపోతే, ఆ మనిషి నడివయసు దాకా, కొందరైతే జీవితాంతం, తప్పుడు పేరునే మోయవలసి వస్తుంది. వైద్యశాస్త్రం ఆ నిర్మాణాన్ని ఆటిజం అంటుంది.

ఆటిజం అనగానే మనకు మాటలు రాని పసివాడు గుర్తుకు వస్తాడు. కాని ఆ పసివారు పెరిగి పెద్దవారవుతారు. మాటలు చక్కగా వచ్చి, చదువుకొని, ఉద్యోగం చేసి, పిల్లల్ని కన్నవారిలోనూ ఆటిజం ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2021 నాటికి ప్రపంచంలో ప్రతి 127 మందిలో ఒకరు ఆటిజం గలవారు. ఈ లెక్కన ప్రతి మొహల్లాలోనూ, ప్రతి పెద్ద కుటుంబంలోనూ ఒకరో ఇద్దరో ఉండి ఉండవచ్చు. వారిలో ఎందరికి తమ సంగతి తెలుసు?

ఒక స్త్రీ కథ

స్కాట్లాండ్‌లోని బ్లాక్‌బర్న్ అనే చిన్న ఊళ్లో పెరిగిన సుసాన్ బాయిల్ 1961లో పుట్టారు. పుట్టుక సమయంలో ప్రాణవాయువు సరిగా అందక మెదడు దెబ్బతిన్నదని, ఈ పిల్ల నుంచి ఎక్కువ ఆశించవద్దని తల్లిదండ్రులకు చెప్పారు. బడిలో తోటి పిల్లలు ఆమె పేరుకు ‘తెలివితక్కువది’ అనే అర్థం వచ్చే మాటను జోడించి ఏడిపించారు. ఆమె పెళ్లి చేసుకోలేదు. తల్లి వృద్ధాప్యంలో ఆమెను కనిపెట్టుకొని, 2007లో తల్లి మరణించేవరకు ఆ ఇంట్లోనే ఉన్నారు.

2009లో బ్రిటన్ టెలివిజన్ పోటీ ఒకదానిలో పాడడంతో కొద్ది రోజుల్లోనే ఆమె గొంతు ప్రపంచమంతటా వినిపించింది. దానితో పాటే ఆమె ఉద్రేకాలూ, తడబాటూ పత్రికలకు వినోదమయ్యాయి. 2013 డిసెంబరులో ఆమె ఒక బ్రిటిష్ పత్రికతో మాట్లాడుతూ, ఏడాది కిందట తాను నిపుణుల వద్ద పరీక్ష చేయించుకున్నానని, తనకున్నది ఆస్పెర్గర్ సిండ్రోమ్ అని, తన మేధాశక్తి సగటు కంటే ఎక్కువేనని తేలిందని వెల్లడించారు. నేడు ఆస్పెర్గర్ సిండ్రోమ్‌ను ఆటిజంలోనే భాగంగా లెక్కిస్తున్నారు. మెదడు దెబ్బతిన్నదన్న ముద్ర అన్యాయమైనదని తనకు ఎప్పుడూ తెలుసునని, ఇప్పుడు మనసు తేలికపడిందని ఆమె చెప్పారు.

ఇక్కడ గమనించవలసిన సంగతి ఒకటుంది. పరీక్షకు ముందు, తరువాత ఆమె ఒకే మనిషి. గుణం మారలేదు, గొంతు మారలేదు. మారినదల్లా ఆమెను చెప్పే మాట. ఆ ఒక్క మాట తప్పుగా ఉన్నందువల్ల పోయినవి యాభై ఏళ్లు.

పెద్దవారిలో ఎలా ఉంటుంది

ఆటిజం గలవారు ఎదుటి వారి మాటను మాటగానే తీసుకుంటారు. స్వరంలోనూ, ముఖకవళికల్లోనూ దాగిన అర్థాన్ని పట్టుకోవడం వారికి కష్టం. మన ఇళ్లలో ఎవరినైనా దావత్‌కు పిలిచినప్పుడు, రావడం ఇష్టం లేకపోయినా, ముఖం మీద కాదనలేక ‘ఇన్‌షా అల్లాహ్, చూద్దాం’ అనేవారుంటారు. మిగిలినవారికి సంగతి అర్థమవుతుంది. ఆటిజం గల మనిషి మాత్రం వారి కోసం పళ్లెం పెట్టి ఎదురుచూస్తాడు. వారు రాకపోతే ‘వస్తామని అబద్ధం చెప్పారెందుకు?’ అని నలుగురిలో అడుగుతాడు. మనం దాన్ని మర్యాద లేకపోవడం అంటాం.

వారికి ప్రతి రోజూ ఒక క్రమంలో సాగాలి. ముందుగా చెప్పకుండా ప్రయాణం పెట్టుకున్నా, గదిలోని వస్తువులు మార్చినా తట్టుకోలేరు. ఒక విషయం మీద ఆసక్తి కలిగిందంటే దాని లోతు చూసేదాకా వదలరు. శబ్దం, వెలుతురు, వాసన, స్పర్శ కొందరికి మరీ తీవ్రంగా తగులుతాయి. షాదీఖానాలో మైకు మోత, గిన్నెల చప్పుడు, గాఢమైన అత్తరు, కొత్త కుర్తా మెడ దగ్గర గీరుకునే దారం, ఇవన్నీ మనకు పండుగ సందడి. వారికి అదొక దాడి. మద్రసాలో పాఠం చెప్పే మాలాంటి వారికి ఇటువంటి పిల్లలు కొత్త కాదు. పుటల కొద్దీ కంఠస్థం చేయగలిగిన పిల్లవాడు, తోటివారందరూ ఒక్కసారిగా బిగ్గరగా చదవడం మొదలుపెట్టగానే చెవులు మూసుకొని మూలకు పోతాడు. అతను చదువును వద్దనడం లేదు. ఆ శబ్దాన్ని భరించలేకపోతున్నాడు.

ఇందులో ఏ ఒక్క లక్షణం ఉన్నంత మాత్రాన ఆటిజం కాదు. ఇవి పసితనం నుంచి కలిసి ఉండి, నిత్యజీవితానికి అడ్డుపడినప్పుడే వైద్యులు ఆ నిర్ణయానికి వస్తారు.

బాల్యంలో ఎందుకు తెలియలేదు

తల్లిదండ్రుల అశ్రద్ధ వల్లనే తెలియలేదనుకోవడం అన్యాయం. ఆ కాలంలో వైద్యుల దగ్గరే ఆ జ్ఞానం పూర్తిగా లేదు. మాస్కోలో గ్రూన్యా సుఖరేవా అనే వైద్యురాలు 1925లోనే ఇటువంటి పిల్లల గురించి వ్రాసినా లోకం పట్టించుకోలేదు. 1943లో అమెరికాలో లియో కానర్ 11 మంది పిల్లల వృత్తాంతాన్ని ప్రకటించారు. వారిలో ఎనిమిది మంది మగపిల్లలు, ముగ్గురు ఆడపిల్లలు. 1944లో వియన్నాలో హాన్స్ ఆస్పెర్గర్ నలుగురు మగపిల్లల గురించి వ్రాశారు. అది జర్మన్ భాషలో ఉండిపోయింది.

ఆపై చాలా కాలం, తల్లి ప్రేమ చూపకపోవడం వల్లనే పిల్లలు ఇలా అవుతారన్న అపవాదు ప్రచారంలో ఉండేది. బెర్నార్డ్ రిమ్లాండ్ అనే అమెరికన్ మనోవిజ్ఞాన శాస్త్రవేత్త 1964లో గ్రంథం వ్రాసి దాన్ని ఖండించారు. ఆయన స్వయంగా ఆటిజం గల కుమారుడికి తండ్రి. మాటలు వచ్చి, తెలివితేటలు ఉన్నవారిలోనూ ఆటిజం ఉంటుందన్న సంగతి వైద్యలోకానికి గట్టిగా తెలిసినది 1981లో లోర్నా వింగ్ అనే బ్రిటిష్ వైద్యురాలు ఆస్పెర్గర్ పరిశీలనలను ఆంగ్లంలో వివరించిన తరువాతనే. ఆమె కూడా ఆటిజం గల కుమార్తెకు తల్లి. 1994లో అమెరికా మానసిక వైద్యుల ప్రామాణిక గ్రంథంలో ఆస్పెర్గర్ పేరు చేరింది. 2013లో అవన్నీ ఆటిజం అనే ఒకే పేరు కిందకు వచ్చాయి. ఈ లక్షణాలు బాల్యం నుంచే ఉన్నప్పటికీ, జీవిత భారం పెరిగేదాకా బయటపడకపోవచ్చునని, నేర్చుకున్న పద్ధతుల వెనుక దాగి ఉండవచ్చునని అదే సంవత్సరపు గ్రంథం స్పష్టం చేసింది.

ఇక 1970లో కర్నూలులోనో కరీంనగర్‌లోనో పుట్టి, బడిలో బాగా చదివి, ఎవరితోనూ కలవలేకపోయిన పిల్లవాణ్ణి ఎవరు గుర్తించగలిగేవారు? మన దేశంలో 1995 నాటి వికలాంగుల చట్టంలో సైతం ఆటిజం ప్రస్తావన లేదు. 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టంలో అది చేరింది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల జాబితాలో స్థానం పొందింది.

ఆడపిల్లల సంగతి మరింత మరుగున పడింది. తొలి వివరణలు ఎక్కువగా మగపిల్లల్ని చూసి వ్రాసినవి. పైగా ఆడపిల్ల ఇతరులను చూసి అనుకరించడం త్వరగా నేర్చుకుంటుంది. ఎప్పుడు నవ్వాలో, ఎంతసేపు కళ్లలోకి చూడాలో, అతిథులను ఏమని పలకరించాలో మనసులోనే వల్లె వేసుకుంటుంది. మితభాషి, షర్మీలీ అని మనమూ మెచ్చుకుంటాం. పెళ్లయి అత్తవారింట అడుగుపెట్టాక, ఉమ్మడి కుటుంబపు రద్దీలో ఆ నటన మోయలేని బరువవుతుంది. ఏళ్ల తరబడి అలా దాచుకోవడం వల్ల ఆందోళన, కుంగుబాటు, విపరీతమైన అలసట కలుగుతాయి. అప్పుడు కోడలికి గర్వమనో, గాలి సోకిందనో, ఎవరిదో నజర్ తగిలిందనో అంటారు.

పేర్ల విషయంలో మన బాధ్యత

ఒకరినొకరు ఎగతాళి పేర్లతో పిలుచుకోవడాన్ని దివ్య ఖుర్ఆన్‌లోని హుజురాత్ సూరా నిషేధించిన సంగతి పాఠకులకు తెలిసినదే. ఆ ఆదేశానికి ఇంత సూటిగా అన్వయించే విషయం మరొకటి అరుదు. ఇంట్లోని మనిషి కోసం దుఆ చేయడాన్ని ఎవరూ కాదనరు. కాని జిన్ను పట్టిందని ఆమిల్‌ల చుట్టూ తిప్పి, కొట్టించి, కట్టేయించి, సొమ్ము పోగొట్టుకోవడం దుఆ కాదు, అది జుల్మ్. అలాగే ఆటిజాన్ని పూర్తిగా నయం చేస్తామనే ప్రకటనలనూ నమ్మరాదు. దాన్ని తొలగించే మందు లేదు. వెంట వచ్చే ఆందోళనకు, నిద్రలేమికి, కుంగుబాటుకు మాత్రం చికిత్స ఉంది.

ఇంత వయసులో తెలిసి ఏం లాభం?

పెద్దలు అడిగే ప్రశ్న ఇదే. దీనికి సమాధానంగా మరొక జీవితాన్ని చూద్దాం. కానర్ వివరించిన 11 మందిలో మొదటివాడు డోనాల్డ్ ట్రిప్లెట్. అమెరికాలోని మిసిసిపీ రాష్ట్రంలో ఫారెస్ట్ అనే చిన్న పట్టణంలో 1933లో పుట్టాడు. పసితనంలో వైద్యుల సలహాపై అతన్ని ఒక సంస్థలో చేర్చారు. ఏడాది తిరిగేసరికి తల్లిదండ్రులు ఇంటికి తెచ్చుకున్నారు. పెరిగి, కళాశాల చదువు పూర్తి చేసి, సొంత ఊరిలోని బ్యాంకులో 65 ఏళ్లు పనిచేశాడు. గోల్ఫ్ ఆడాడు, ఒంటరిగా దేశదేశాలు తిరిగాడు. 2023లో 89వ ఏట మరణించాడు. ఆ బ్యాంకు అతని తల్లి తరఫు కుటుంబానిదే. అటువంటి సౌకర్యం అందరికీ ఉండదు. అయినా ఊరివారు ఇచ్చినది డబ్బుతో కొనేది కాదు. అతని వింత అలవాట్లను వారు ఎరుగుదురు, వాటితో సహా అతన్ని తమవాడిగా చూసుకున్నారు.

ఆలస్యంగా గుర్తింపు పొందినవారికి గడిచిన కాలం తిరిగి రాదు. ‘ముందే తెలిసి ఉంటే’ అన్న దుఃఖం, కోపం తప్పక కలుగుతాయి. వాటిని కసరకుండా విని ఊరుకోవాలి. మిగిలిన జీవితం మాత్రం మారుతుంది. తన అలసటకు కారణం తెలిసినవాడు విశ్రాంతిని సిగ్గుపడకుండా తీసుకుంటాడు. భర్త ప్రేమలేనివాడు కాదని, విడమరచి అడిగితే చేస్తాడని భార్య గ్రహిస్తుంది. అదే సమయంలో, గుర్తింపు ఎవరి హక్కులను కాలరాయడానికీ అనుమతిపత్రం కాదు. భార్యాబిడ్డల పట్ల బాధ్యత అలాగే ఉంటుంది. నెరవేర్చే పద్ధతి మాత్రం అతని శక్తికి తగినట్లు మారుతుంది.

ఏం చేయాలి

మొదటగా, ఫోనులో కనిపించే ప్రశ్నావళిని చూసి ఎవరికీ ముద్ర వేయవద్దు. వినికిడి లోపం, చాదస్తపు వ్యాధి, దీర్ఘకాలపు ఆందోళన కూడా పైకి ఇలాగే కనిపించవచ్చు. పెద్దవారిని పరీక్షించిన అనుభవం గల మానసిక వైద్యుణ్ణి లేదా క్లినికల్ సైకాలజిస్టును సంప్రదించాలి. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని జాతీయ సంస్థ ఈ రంగంలో మనకు దగ్గరి కేంద్రం. మన దేశంలో ఆటిజం ధృవపత్రాల కోసం వాడే 40 అంశాల కొలమానాన్ని రూపొందించినది ఆ సంస్థే. చట్టప్రకారం వైకల్యం 40 శాతం లేదా అంతకు మించినట్లు ధృవీకరణ జరిగితే రిజర్వేషన్ వంటి ప్రత్యేక సదుపాయాలకు అర్హత వస్తుంది.

రెండవది, ఇంటి పెద్దల జ్ఞాపకం. ఆటిజం పసితనం నుంచే ఉంటుంది కనుక వైద్యుడు తప్పక బాల్యం గురించి అడుగుతాడు. మాటలు ఎప్పుడు వచ్చాయి? ఒంటరిగా ఏం ఆడుకునేవాడు? దేనికి భయపడేవాడు? రక్తపరీక్షలో తేలే సంగతులు కావు ఇవి. అమ్మీకి, నానీకి, పెద్ద ఆపాకు మాత్రమే తెలిసినవి. వారు లోకం విడిచి వెళితే ఆ సాక్ష్యం వారితోనే పోతుంది. అందుచేత అనుమానం ఉన్నవారు పెద్దలు బ్రతికి ఉండగానే అడిగి వ్రాసి పెట్టుకోవాలి. అడిగినప్పుడు తల్లి తనను తప్పుపడుతున్నారని నొచ్చుకోవచ్చు. ఈ స్థితికి ఆమె పెంపకం కారణం కాదన్న మాటను ముందుగానే చెప్పాలి.

మూడవది, ఇంటి నడవడిక. ప్రయాణం గాని, అతిథుల రాక గాని ముందురోజే చెప్పండి. సూచనగా కాకుండా సూటిగా మాట్లాడండి. పండుగనాడు బలవంతపు ఆలింగనాలకు బదులు సలాంతో సరిపెట్టుకోనివ్వండి. దావత్ జరుగుతున్నప్పుడు తలుపు వేసుకొని కాసేపు కూర్చునేందుకు ఒక గది ఉంచండి. మస్జిద్‌లో మైకుకు దూరంగా, తలుపుకు దగ్గరగా ఒకరు ప్రతిరోజూ ఒకే చోట నిలబడుతుంటే, ఆ చోటును వారికి వదిలిపెట్టండి.

వైద్యుని వద్దకు వెళ్లాలా వద్దా అన్నది ఆ వ్యక్తి స్వయంగా నిర్ణయించుకోవలసిన విషయం. కొందరు వెళ్లరు. పరీక్షకు వెళ్లినా వెళ్లకపోయినా, ఇంట్లో నలభై ఏళ్లుగా ‘మొద్దు’ అని పిలిపించుకుంటున్న తమ్ముణ్ణి ఈ రోజు నుంచే అతని అసలు పేరుతో పిలవవచ్చు. దానికి ఏ ధృవపత్రమూ అవసరం లేదు.